రోజుకు సంకల్పం చెప్పుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్‌లో శనివారం సాయంత్రాలు విష్ణు సహస్రనామ పారాయణకు పది పదిహేనుమందిమి కలుస్తాం. పారాయణ అయ్యాక ప్రసాదం తింటూ మాట్లాడుకునేటప్పుడు దేవుడి ప్రస్తావన కన్నా టైము ప్రస్తావనే ఎక్కువగా వస్తుంది. ఎలా గడిచిపోతోందో తెలియడం లేదని ఒకరు, రోజంతా ఎవరి కోసం పరుగెడుతున్నానో అర్థం కావడం లేదని ఇంకొకరు. ఆ మాటల్లో మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. వీటిలో సగం మా నాన్నగారి దగ్గర విన్నవి, మిగిలినవి ఆయన పోయాక పెద్దల దగ్గర అడిగి తెలుసుకున్నవి.

పూజకు టైము దొరకడం లేదు. భక్తి నా వల్ల అయ్యే పని కాదేమో?

ఇలా అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. పిల్లాడి బస్సు ఏడుంపావుకి, అత్తగారి మాత్రలు ఎనిమిదింటికి, ఆఫీసు మీటింగు తొమ్మిదిన్నరకి. దీపం పెట్టి రెండు అగరొత్తులు వెలిగించేసరికి కుక్కర్ కూత వేస్తుంది. ఆ రెండు నిమిషాలే దేవుడి ఖాతాలో పడ్డాయనీ, మిగిలిన రోజంతా వృథా ఖర్చు కింద పోయిందనీ మనసులో బాధ.

పూజగదికీ వంటింటికీ మధ్య ఈ గీత మనమే గీసుకున్నాం. దాన్ని చెరిపేసే మాట మన పూజలో మొట్టమొదటే ఉంది. పురోహితుడు గబగబా చెప్పుకుంటూ వెళ్ళి, గోత్రం దగ్గర ఆగి మన వైపు చూస్తారే, ఆ సంకల్పం. ముందు దాని గురించి చెప్తాను, ఎందుకంటే మిగతా జవాబులన్నీ అందులోంచి వచ్చినవే.

సంకల్పంలో అసలు ఏం చెప్తున్నాం? అంత పొడుగు ఎందుకు?

మొదట ఎందుకు చేస్తున్నామో చెప్తాం: "శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం". ఆ తరువాత, ఎప్పుడు. ఇక్కడ సంకల్పం చాలా దూరం నుంచి మొదలవుతుంది. "అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే" అంటే బ్రహ్మ ఆయుర్దాయంలో రెండో సగం. "శ్వేతవరాహ కల్పే" అంటే ఆయన పగళ్ళలో ఇప్పుడు నడుస్తున్నది. ఒక్కో కల్పం 432 కోట్ల మానవ సంవత్సరాలు. అందులో పద్నాలుగు మన్వంతరాలుంటే ఇది ఏడోది, వైవస్వతం. అందులో కలియుగం, అదీ మొదటి పాదం. కలియుగం మొత్తం 4,32,000 సంవత్సరాలు, ఇంతవరకు గడిచింది 5,100 పైచిలుకే.

అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వస్తాం. సంవత్సరం పేరు, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. కోట్ల సంవత్సరాల దగ్గర మొదలైన వాక్యం చివరికి ఈ మంగళవారం పొద్దుటి మీద వచ్చి వాలుతుంది. అప్పుడు మన గోత్రం, మన పేరు. తరువాత చేయబోయే పని.

స్థలం కూడా అంతే. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున, ఫలానా నదుల మధ్య, మా ఇంట్లో. మా నాన్నగారు తణుకులో ఉన్నన్నాళ్ళూ "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే" అనేవారు. అమ్మ పోయాక హైదరాబాదులో మా ఇంటికి వచ్చేశారు. వచ్చిన మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో ఉన్నాను. పూజగదిలోంచి "శ్రీశైలస్య..." అన్న మాట వినిపించి, ఆగిపోయింది. కాసేపటికి "వాయవ్య ప్రదేశే" అన్నారు. నదులు మారలేదు, ఇంకా ఆ రెండిటి మధ్యే ఉన్నారు. మారింది ఆ ఒక్క మాటే. ఊరు మారిన దుఃఖమంతా ఆయన అక్కడ దిగమింగుకుని పూజ కొనసాగించారని నాకు చాలా రోజుల తరువాత తెలిసింది.

అంత పొడుగెందుకంటే నాకు తోచిన జవాబు ఇదే. మనం ఎప్పుడు, ఎక్కడ, ఎవరిగా, దేనికోసం కూర్చున్నామో పూర్తిగా తెలుసుకునేదాకా పని మొదలుపెట్టనివ్వదు సంకల్పం. ఈ నాలుగూ తెలిసి చేసిన పని ఏదైనా దేవుడి ఎదుట చేసినట్టే. నేను ఈ పేజీలో చెప్పదలచుకున్నది ఇంతే. పూజగది దాటి మిగిలిన రోజుకు కూడా సంకల్పం చెప్పుకోవచ్చు.

సంస్కృతం రాదు. ఆడవాళ్ళం సంకల్పం చెప్పుకోవచ్చా?

వరలక్ష్మీ వ్రతం రోజున చెప్పుకునేది ఏమిటి మరి? "గోత్రవతీ, నామధేయవతీ" అని స్త్రీలు చెప్పుకునే రూపమే ఉంది. రోజువారీ పనులకు తెలుగులోనే అనుకోండి. "ఈ రోజు కార్తీక శుద్ధ పంచమి, నేను ఫలానా, మా అత్తగారికి స్నానం చేయించబోతున్నాను, పరమేశ్వర ప్రీతి కోసం." అర నిమిషం పట్టదు. క్యాలెండరులో తిథి చూసుకోవడం మాత్రం మానకండి. అది చూసుకున్న రోజు తేదీతో పాటు చంద్రుడు కూడా గుర్తుంటాడు.

అమెరికాలో ఉన్నాం. జంబూద్వీపే అనాలా?

అక్కడి పురోహితుల్లో చాలామంది "క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే" అని చెప్తారు, దగ్గరలోని నది పేరు కూడా కలుపుతారు. మీ ఊరి గుడిలో ఎలా చెప్తారో అడిగి అదే చెప్పండి. తిథి మాత్రం మీ ఊరి పంచాంగంలోదే చూడాలి. హైదరాబాదులో అమ్మానాన్నలకు ఏకాదశి అయిన రోజే మీకూ కావాలని లేదు. ఉన్న చోటు పేరు నోటితో పలకమనడంలో ఒక దయ ఉంది. మనసు రాజమండ్రి రేవు దగ్గరే ఉండిపోయినవాళ్ళను కూడా సంకల్పం రోజుకొకసారి వాళ్ళున్న ఇంటికి తీసుకొస్తుంది.

రోజుకు ఎంతసేపు చేస్తే సరిపోతుంది?

యజుర్వేదంలో భాగమైన తైత్తిరీయ ఆరణ్యకం రెండో ప్రపాఠకంలో, అంటే రెండో అధ్యాయంలో, పంచ మహాయజ్ఞాల గురించి ఉంది. దేవయజ్ఞం, పితృయజ్ఞం, భూతయజ్ఞం, మనుష్యయజ్ఞం, బ్రహ్మయజ్ఞం. గృహస్థు రోజూ చేయాల్సినవి. మహాయజ్ఞాలు అనగానే భయపడతాం కదా, కానీ వేదం అక్కడే కనీసం ఎంతో కూడా చెప్పింది. అగ్నిలో ఒక్క సమిధ వేసినా దేవయజ్ఞం పూర్తవుతుంది. పితృదేవతలకు నీళ్ళు వదిలినా చాలు. బ్రహ్మయజ్ఞానికి ఒక్క ఋక్కు చదివినా చాలు.

ఒక్క పుల్ల, దోసెడు నీళ్ళు, ఒక్క మంత్రం. ఈ భాగం మొదటిసారి అర్థం చెప్పించుకుని విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పదేళ్ళపాటు "ఇవాళ కూడా లలితా సహస్రనామం చదవలేదు" అని నన్ను నేను తిట్టుకుంటూ పడుకున్నదాన్ని. సమిధ ఒక్కటి చాలని చెప్పినవాళ్ళకు ఇళ్ళల్లో రోజులు ఎలా గడుస్తాయో తెలుసు. అయితే "చాలు" అన్న మాటకు పక్కనే "రోజూ" అన్నది కూడా ఉంది. ఆదివారం నాలుగు గంటలు చేసి ఆరు రోజులు మానేయడం కన్నా రోజూ అయిదు నిమిషాలు మేలని నా అభిప్రాయం.

వంట, పిల్లలు, పెద్దవాళ్ళ సేవ లెక్కలోకి వస్తాయా?

ఆ అయిదు యజ్ఞాలనే మళ్ళీ చూడండి. పొద్దున్నే వాకిట్లో బియ్యప్పిండితో వేసిన ముగ్గు చీమలు తింటాయి, కాకికి ముద్ద పెడతాం, కుక్కకు చద్దన్నం వేస్తాం. అది భూతయజ్ఞం. వేళ కాని వేళ వచ్చిన మనిషికి కంచం పెడితే మనుష్యయజ్ఞం. పిల్లాడికి పద్యం నేర్పిస్తే అది బ్రహ్మయజ్ఞం వైపు నడిచే పనే. అయిదింటిలో దేవుడికి నేరుగా చేసేది ఒక్కటే. మిగిలిన నాలుగూ పెద్దలకు, ప్రాణులకు, మనుషులకు, చదువుకు. అంటే మనం "సంసారం" అని పక్కకు తోసిన టైములో చాలా భాగం ఆ పట్టికలో ఉంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. "వంట చేయడమే నీ పూజ" అని ఆడవాళ్ళ నోరు మూయించడానికి వాడేవాళ్ళున్నారు. నేను అనేది అది కాదు. పంచయజ్ఞాలు ఇంటివాళ్ళందరివీ, గృహస్థు అంటే మొదట మగవాడే. అత్తగారి డైపరు మార్చడం పుణ్యమైతే ఆ పుణ్యంలో కొడుకుకూ వాటా ఉండాలి. ఇంట్లో ఒక్క మనిషే అన్ని యజ్ఞాలూ చేసి అలిసిపోతుంటే, మిగతావాళ్ళకు పని పంచడం కూడా ఆ ఇంట్లో జరగాల్సిన ధర్మమే.

నాన్నగారి చివరి ఏడాది ఆయనకు అన్నం కలిపి పెట్టేదాన్ని. మొదట్లో ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో ఫోను. ఒకరోజు అన్నం కలిపే ముందు మనసులో సంకల్పం చెప్పుకున్నాను. ఆ పూట ఫోను తీయలేదు. ఇరవై నిమిషాలు పట్టే పని అంతే పట్టింది. ఆయన మీగడ ముద్ద వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటారని మాత్రం ఆ రోజే చూశాను.

ఉద్యోగం సంగతి? జీతం కోసం చేసేది ఆధ్యాత్మికం ఎలా అవుతుంది?

భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 27వ శ్లోకంలో కృష్ణుడు "నాకు అర్పించు" అని అడిగినవాటి వరస చూడండి. ఏది చేస్తావో, ఏది తింటావో, ఏది హోమం చేస్తావో, ఏది ఇస్తావో, ఏ తపస్సు చేస్తావో. పని, తిండి ముందు వచ్చాయి. హోమం మూడోది. జీతం రాకూడదని ఎక్కడా లేదు.

కానీ అర్పించడమంటే నైవేద్యం లాంటిది. నైవేద్యానికి బియ్యంలో రాళ్ళు ఏరుతాం, కూర రుచి చూడం, చెడిపోయింది పెట్టం. మా పారాయణకు వచ్చే ఒకాయన అప్పుల వసూలుకు ఫోన్లు చేసే ఉద్యోగంలో ఉండేవారు. ప్రతి ఫోనుకూ ముందు "పరమేశ్వర ప్రీత్యర్థం" అనుకుని చూడమంటే వారం రోజులు ప్రయత్నించి, "అవతలివాళ్ళని బెదిరించే ముందు ఆ మాట నోట్లోంచి రావడం లేదండీ" అన్నారు. ఆయనకు ఉద్యోగం వెంటనే మానే వీలు లేదు, ఇద్దరు పిల్లల ఫీజులు. ముందు గొంతు మార్చుకున్నారు, ఏడాది తరువాత ఉద్యోగం మారారు. సంకల్పం నోట పలకని చోట ఏదో సరిచేయాల్సినది ఉందని ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

నాది రాత్రి షిఫ్టు. బ్రాహ్మీ ముహూర్తంలో లేవలేను. మరి?

ముహూర్తం అంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు మొదలై, ఒక ముహూర్తం ముందు ముగిసేది బ్రాహ్మీ ముహూర్తం. ఆరింటికి సూర్యోదయమైతే 4:24 నుంచి 5:12 దాకా. ఆ వేళ మనసు తేలిగ్గా నిలుస్తుందన్నది లేచి చూసిన ఎవరికైనా తెలుస్తుంది. వీలున్నవాళ్ళు లేవండి. కానీ ఆ టైముకు ఆసుపత్రి వార్డులో రోగికి సెలైను మారుస్తున్న నర్సమ్మ అప్పటికే మేలుకుని ఉంది, అదీ మరో ప్రాణం కోసం.

సంధ్యావందనంలో నాకు ఎంతో నచ్చే విషయం ఒకటుంది. వేళ దాటిపోతే ప్రాయశ్చిత్తంగా అర్ఘ్యం ఒకటి ఎక్కువ ఇచ్చి మిగిలింది కొనసాగిస్తారు. ఆలస్యమవుతుందని ముందే తెలిసి, దానికి ఒక దోసెడు నీళ్ళు కేటాయించి పెట్టారు. ఆలస్యమైంది కాబట్టి ఇవాళ్టికి వదిలేయమని ఎవరూ అనలేదు.

రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుంటే రోజులో ఏం మిగులుతుంది?

రాహుకాలం పగటిలో ఎనిమిదో వంతు, సుమారు గంటన్నర. వర్జ్యం నాలుగు ఘడియలు, అంటే 96 నిమిషాలు. ఇవి గృహప్రవేశం, కొత్త వ్యాపారం, ప్రయాణం లాంటి ఆరంభాలకు చూసుకునేవి. రోజూ చేసే నిత్యకర్మకు ముహూర్తం లేదు. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. అలాగని ఆదివారం సంధ్యవేళ దీపం పెట్టడం మానేసిన ఇల్లు నేను చూడలేదు. అన్నం పెట్టడం, మందు ఇవ్వడం, అలిగినవాళ్ళతో ముందుగా మాట్లాడటం ఏ వేళలోనైనా చేయండి. పంచాంగం భయపెడుతోందంటే వర్జ్యం దగ్గరే ఆగిపోయారన్నమాట. ఇంకొంచెం చదివి నక్షత్రం, తిథి కూడా చూడండి.

ఫోనులో గంటలు గడిచిపోతున్నాయి. ఏం చేయాలి?

తెరిచే ముందు ఎందుకో ఒక్క వాక్యం అనుకోండి. "పిన్నితో మాట్లాడటానికి" అన్నది సులువుగా వస్తుంది. రాత్రి పదకొండున్నరకు తెలియనివాళ్ళ పెళ్ళి ఫోటోలు చూడటానికి వాక్యం దొరకదు. నేను ఘడియ లెక్క పెట్టుకున్నాను. ఘడియ అంటే 24 నిమిషాలు, రోజుకు అరవై. సాయంత్రం ఒక ఘడియ ఫోనుకు ఇచ్చేసి, ఆపైన పక్క గదిలో పెట్టేస్తాను. పాత లెక్కలో కొలిస్తే టైము గడియారంలో కన్నా చేతికి అందుతున్నట్టుంటుంది, ఎందుకో.

పూజలో కూర్చున్నా మనసు నిలవదు. ఆ సమయం వృథాయేనా?

ప్రతి పూజ చివరా చెప్పే మాటలు గుర్తుచేసుకోండి: "మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం". మంత్రం తప్పింది, పని తప్పింది, భక్తి కూడా లేకపోయింది, అయినా పరిపూర్ణం చేయి స్వామీ అని. భక్తి లేకుండా పూజ ముగిసిన రోజు కోసం ముందుగానే రాసిపెట్టిన మాట అది. నిజాయితీగా అది చెప్పి లేవండి.

విశ్రాంతి తీసుకుంటే తప్పు చేసినట్టు ఉంటుంది. నిజంగా తప్పా?

కాదు. వేదం చదువుకునే పిల్లలకు కూడా అనధ్యాయాలున్నాయి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలలో కొత్త పాఠం ఉండదు. అంత గొప్ప చదువుకే సెలవు ఇచ్చినప్పుడు, భోజనం చేసి అరగంట నడుం వాల్చినందుకు మీరెవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

మేం హిందువులం కాము. ఇందులో మాకేమైనా ఉందా?

మా పక్క ఫ్లాటులోని ముస్లిం కుటుంబం రోజుకు అయిదు వేళలా నమాజు చేస్తారు. నమాజుకు ముందు నియ్యత్, అంటే ఏ నమాజు దేనికోసం చేస్తున్నామో మనసులో అనుకోవడం ఉంటుందని ఆ ఇంటి ఆమె నాకు చెప్పారు. మా కింద అంతస్తులో క్రైస్తవ దంపతులు రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ రోజు జరిగినవాటికి ఒక్కొక్కదానికీ స్తోత్రం చెప్తారు. ఈ పని ఎలా చేయాలో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు నాకన్నా బాగా తెలుసు.

రోజు ఎలా గడిచిందో లెక్క చూసుకోవడానికి మంచి పద్ధతి ఉందా?

తిరుమలలో ఉంది. తెల్లవారుజామున సుప్రభాతం, తోమాలసేవ అయ్యాక కొలువు జరుగుతుంది. కొలువు శ్రీనివాసమూర్తిని ఆసనం మీద కూర్చోబెట్టి, ఛత్రం పట్టి, ఆ రోజు పంచాంగం చదివి వినిపిస్తారు. తిథి, వారం, నక్షత్రం, ఆ రోజు జరగబోయే ఉత్సవాలు. ముందురోజు హుండీలో ఎంత వచ్చిందో ఆ లెక్క కూడా విన్నవిస్తారు. నువ్వులు, బెల్లం నివేదన పెడతారు.

నాకు ఇది ఎంతో ఇష్టం. కాలానికి అతీతుడని మనం చెప్పే స్వామి కూడా పొద్దున్నే ఇవాళ తిథి ఏమిటో వింటాడు, నిన్నటి లెక్క వింటాడు. ఆ తరువాతే దర్శనానికి జనం. దీన్ని చూసే ఇంట్లో ఒక అలవాటు చేసుకున్నాం. కాఫీ తాగేటప్పుడు మా వారు క్యాలెండరులో తిథి, నక్షత్రం చదువుతారు. నిన్న ఇంటికి ఏం వచ్చిందో ఒక్కొక్కరం ఒక్కటి చెప్తాం. డబ్బు లెక్క కాదు. "నిన్న లిఫ్టులో ఆ పెద్దాయన నవ్వాడు", "నిన్న నేను నీ మీద అరిచాను" లాంటివి. మా అబ్బాయికి పదిహేనేళ్ళు. మొదట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు మేం మర్చిపోతే వాడే అడుగుతున్నాడు.

రాత్రి పడుకునే ముందు "కాయేన వాచా" శ్లోకం. శరీరంతో, మాటతో, మనసుతో, బుద్ధితో చేసినదంతా నారాయణుడికి సమర్పిస్తున్నానని. పొద్దున్న సంకల్పంతో తెరిచిన రోజును అక్కడ మూసి ఆయన చేతికి ఇచ్చేస్తాను. అరిచిన అరుపులు కూడా అందులోనే వెళ్తాయి.

నాకు యాభై దాటాయి. ఇన్నేళ్ళూ ఎలా గడిపానో తలుచుకుంటే బాధ. ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?

నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అయిదో రోజో ఆరో రోజో, పగలో రాత్రో తెలియని ఆ ట్యూబులైట్ల వెలుగులో నన్ను అడిగారు, "ఇవాళ తిథి ఏమిటమ్మా?" అని. నాకు తెలియదు. వారం కూడా తడబడ్డాను. ఫోనులో చూసి "బహుళ నవమి నాన్నా" అన్నాను. ఆయన చెయ్యి కొంచెం పైకెత్తారు. ఉద్ధరిణె పట్టుకునే వేళ్ళు అవి. పెదవులు కదిలాయి. నాకు వినిపించిన మొదటి మాట "అద్య".

అద్య అంటే నేడు. నాకు అప్పటికి నలభై ఎనిమిది. ఆ రోజు దాకా ఒక్క తిథి కూడా నాకు నేనుగా చూసుకోలేదు.

ఆ మాట పక్కనే ఏముందో చూడండి: "బ్రహ్మణః ద్వితీయ పరార్ధే". బ్రహ్మకు యాభై ఏళ్ళు నిండి, యాభై ఒకటో ఏటి మొదటి రోజు నడుస్తోందని అర్థం. సృష్టి చేసేవాడికీ సగం ఆయుష్షు అయిపోయిందని మనం రోజూ చెప్తూనే, వెంటనే ఇవాళ్టి పని మొదలుపెడుతున్నాం. మన సంవత్సరాల పేర్లు కూడా అరవైకి మళ్ళీ మొదటికి వస్తాయి. 1966 ఉగాదితో మొదలైన పరాభవ మళ్ళీ 2026 ఉగాదికి వచ్చింది. అందుకే అరవై నిండితే షష్టిపూర్తి చేసి, పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ సంకల్పంలో చెప్పిస్తారు.

మీరు పుట్టిన సంవత్సరం పేరు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళకు గుర్తు లేకపోతే పాత పంచాంగంలో దొరుకుతుంది. తరువాత ఇవాళ్టి తిథి చూసుకోండి.